లౌడ్‌స్పీకరు ఎందుకు మూగపోతుంది?

కృష్ణా డెల్టాలో మైకు సెట్టు లేని శుభకార్యం లేదు. కార్తికమాసంలో చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాలు, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని షష్ఠి, గుడివాడ వీధుల్లో ఎన్నికల ప్రచారం, అవనిగడ్డలో నాటక ప్రదర్శన - వీటిలో ఏ ఒక్కటీ లౌడ్‌స్పీకరు లేకుండా జరగదు. పాట మధ్యలో లౌడ్‌స్పీకరు గరగరలాడి ఆగిపోతే జనం విసుక్కుంటారు. మైకు సెట్టు యజమాని నిచ్చెన ఎక్కి యూనిట్ మారుస్తాడు. అరగంటలో అందరూ ఆ సంగతి మరచిపోతారు.

కాని లౌడ్‌స్పీకరు మూగపోతే మరచిపోవడానికి వీలులేని సందర్భం ఒకటి ఉన్నది. అది తుపాను హెచ్చరిక. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు పట్టణంలోను, పరిసరాల్లోను సుమారు 30 వేలమంది మరణించారు. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం దివిసీమమీద పడింది. నీరు పది కిలోమీటర్లకు మించి లోపలికి చొచ్చుకొని వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామాలు అతలాకుతలమైనాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి తీరంలో “ఇళ్ళు విడిచి ఎత్తయిన చోటికి వెళ్ళండి” అన్న మాట సకాలంలో ప్రతి చెవికీ చేరడం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఆ మాటను చేరవేసే సాధనాలలో లౌడ్‌స్పీకరు ఒకటి.

చూడడానికి ఒకే రకంగా ఉండి, ఒకే వాటుల సంఖ్య ముద్రించి ఉన్న రెండు లౌడ్‌స్పీకర్లలో ఒకటి పదేళ్ళు పనిచేస్తుంది, రెండోది ఒక్క వర్షాకాలానికే పాడవుతుంది. దీనికి కారణమేమి? జవాబు కోసం ముందు లౌడ్‌స్పీకరు ఎట్లా మాట్లాడుతుందో చూద్దాం.

లౌడ్‌స్పీకరు పనిచేసే తీరు

అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగగుండా విద్యుత్తు ప్రవహిస్తే ఆ తీగమీద బలం పనిచేస్తుందని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలుసు. ఆ బలం ఏ దిశలో ఉంటుందో ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన చెబుతుంది. లౌడ్‌స్పీకరుకు మూలం ఇంతే. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ సూత్రంమీద తయారుచేసిన నమూనాయే, ఎన్నో మెరుగులతో, నేటికీ వాడుకలో ఉన్నది.

లౌడ్‌స్పీకరు వెనుక ఒక బలమైన అయస్కాంతం ఉంటుంది. దానికి అమర్చిన ఇనుప ధ్రువాల మధ్య ఉంగరం ఆకారంలో సన్నని సందు ఉంటుంది. ఆ సందులో, ధ్రువాలను ఎక్కడా తాకకుండా, పలుచని గొట్టంమీద చుట్టిన రాగితీగ చుట్ట వేలాడుతూ ఉంటుంది. మెకానిక్కులు దీనిని కాయిల్ అంటారు. కాయిల్‌కు కాగితపు కోను అతికించి ఉంటుంది. కోను వెలుపలి అంచున మెత్తని మడతల పట్టీ, లోపల ముడతలుపెట్టిన గుడ్డబిళ్ళ ఉంటాయి. ఈ బిళ్ళకు స్పైడరు అని పేరు. కాయిల్‌ను సందు మధ్యలో నిలిపి ఉంచడం, ముందుకు వెనుకకు మాత్రమే కదలనివ్వడం వీటి పని.

ఆంప్లిఫయరు నుండి వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు వందల, వేల సార్లు దిశ మార్చుకుంటుంది. దానితోపాటు కాయిల్ కదులుతుంది, కోను కదులుతుంది, కోను ముందున్న గాలి కంపిస్తుంది. ఆ కంపనమే మనకు వినిపించే ధ్వని.

స్తంభాలకు, ఆటోలమీద కట్టే బాకాలలో కోనుకు బదులు చిన్న డయాఫ్రం ఉంటుంది. అది వెనుక యూనిట్‌లో దాగి ఉంటుంది. దాని ముందున్న హారను, చిన్న డయాఫ్రం కంపనాలను విశాలమైన బయటి గాలికి అందిస్తుంది. రెండింటిలోను కాయిల్, అయస్కాంతం, సన్నని సందు ఉంటాయి. కాబట్టి వాటి రోగాలు కూడా చాలావరకు ఒకటే. అవి ప్రధానంగా మూడు విధాలు: వేడి, కదలిక, గాలిలోని తేమ.

మొదటి శత్రువు - వేడి

లౌడ్‌స్పీకరుకు మనం 100 వాటుల విద్యుత్తు ఇచ్చామనుకుందాం. అందులో ధ్వనిగా మారేది ఎంత? సాధారణమైన కోను లౌడ్‌స్పీకరులో సుమారు 1 వాటు మాత్రమే. హారను ఇంతకంటె చాలా మెరుగు. అది పదిశాతమో, అంతకు మించో ధ్వనిగా మార్చగలదు. మిగిలినదంతా వేడి అవుతుంది. అంటే కోను లౌడ్‌స్పీకరు నిజానికి కొంచెం ధ్వని కూడా చేసే విద్యుత్ పొయ్యి అన్నమాట. ఆ 99 వాటుల వేడి దాదాపు అంతా బొటనవ్రేలంత వెడల్పు కూడా లేని తీగచుట్టలో పుడుతుంది.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. వేడి పెరిగితే రాగి నిరోధం పెరుగుతుంది. ప్రతి సెంటీగ్రేడు డిగ్రీకి 0.0039 వంతు పెరుగుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 8 ఓములని ముద్రించి ఉన్న లౌడ్‌స్పీకరు కాయిల్ నిరోధం, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే, సుమారు 6.4 ఓములు ఉంటుంది. కాయిల్ ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుండి 200 డిగ్రీలకు చేరితే పెరుగుదల 180 డిగ్రీలు. 180ని 0.0039తో గుణిస్తే 0.70. కాబట్టి నిరోధం 1.7 రెట్లయి, 10.9 ఓములకు చేరుతుంది. ఆంప్లిఫయరు వోల్టేజి మారకపోతే ప్రవాహం 1.7 రెట్లు తగ్గుతుంది. ధ్వని సామర్థ్యం ప్రవాహపు వర్గాన్నిబట్టి ఉంటుంది గనుక అది సుమారు మూడో వంతుకు పడిపోతుంది.

ఇప్పుడు ఏమి జరుగుతుందో ఊహించండి. రాత్రి పదిగంటలకు ధ్వని కొంచెం తగ్గినట్లు తోస్తుంది. మైకు సెట్టు కుర్రవాడు ఆంప్లిఫయరు మీట మరికొంచెం తిప్పుతాడు. కాయిల్ ఇంకా వేడెక్కుతుంది. ఆంప్లిఫయరు కూడా తన శక్తికి మించిన పనిచేస్తూ ధ్వనితరంగాల శిఖరాలను నరికివేయడం మొదలుపెడుతుంది. గుండ్రని తరంగం చదరపు తరంగంగా మారిపోతే, శిఖరం ఎత్తు అంతే ఉన్నా అది మోసుకొనివచ్చే సామర్థ్యం రెట్టింపవుతుంది. చివరకు తీగమీది ఎనామిల్ పూత మాడి, చుట్టుకూ చుట్టుకూ మధ్య విద్యుత్తు దగ్గరిదారి పడుతుంది. లేదా తీగను గొట్టానికి అంటించిన జిగురు మెత్తబడి, చుట్లు జారి సందులో ఇరుక్కుంటాయి. మాడిన వాసన వచ్చేసరికి చేయగలిగినది ఏమీ ఉండదు.

ఎనామిల్ పూతలలో తరగతులున్నాయి. 130 డిగ్రీలకు ఓర్చేవి, 155 డిగ్రీలకు ఓర్చేవి, 180 డిగ్రీలకు ఓర్చేవి వేరువేరు. చుట్టిన తరువాత కంటికి అన్నీ ఒకే రాగిరంగులో మెరుస్తాయి. ఏది వాడారో తయారుచేసినవారికే తెలుసు. కొన్నవారికి అది పండుగనాటి రాత్రి తెలుస్తుంది.

రెండో శత్రువు - కదలిక

కోను ఎంతదూరం కదలాలన్నది స్థాయినిబట్టి చాలా మారుతుంది. అదే బిగ్గరతనంతో మోగాలంటే, పౌనఃపున్యం సగమయినప్పుడల్లా కోను నాలుగింతలు దూరం కదలాలి. 400 హెర్ట్జ్ స్వరానికి అవసరమైన కదలికకంటె 100 హెర్ట్జ్ డోలు దెబ్బకు 16 రెట్లు కావాలి. హారనుకు మరొక చిక్కు ఉన్నది. ప్రతి హారనుకూ దాని పొడవును, మూతి వెడల్పునుబట్టి ఒక కనీస పౌనఃపున్యం ఉంటుంది. దానికి దిగువన డయాఫ్రంకు గాలి ఆసరా దొరకదు. నూతిలో నీరు అందని చేద వదులుగా ఊగినట్లు అది అదుపులేకుండా ఊగి పగులుతుంది. మాట స్పష్టంగా వినిపించడానికి 300 హెర్ట్జ్‌కు దిగువనున్న స్వరాలు అంతగా అవసరం లేదు. కాబట్టి బాకాలకు ఇచ్చే విద్యుత్తులో మంద్రస్వరాలను ముందే తగ్గించివేస్తే యూనిట్ ఆయుర్దాయం పెరుగుతుంది, మాటకు నష్టం ఉండదు.

కదలికవల్ల అలసిపోయే మరో భాగం, కాయిల్‌కు విద్యుత్తు అందించే మెత్తని జడతీగ. కోను కదిలినప్పుడల్లా ఇది వంగుతుంది. 200 హెర్ట్జ్ స్వరం ఒక గంటసేపు మోగితే తీగ 7 లక్షల 20 వేల సార్లు వంగుతుంది. అయిదు గంటల కచేరీలో 36 లక్షల సార్లు. ఇనుపతీగను అటూ ఇటూ పదిసార్లు వంచి విరిచే పిల్లలకు ఈ సంఖ్య అర్థం బోధపడుతుంది. అందుకే జడతీగను నూలుపోగులమీద పలుచని రాగి రేకులు చుట్టి, జడవలె అల్లి చేస్తారు. దానికి టంకం పెట్టేటప్పుడు టంకం ఎక్కువై తీగలోకి పాకితే, పాకినంతమేర మెత్తని తీగ కడ్డీవలె బిగుసుకుపోతుంది. బిగుసుకున్న భాగం ముగిసేచోటనే మరునాడో మరుసటేడో అది తెగుతుంది. తయారీలో ఒక్క క్షణం అజాగ్రత్తకు ఫలితమిది.

మూడో శత్రువు - ఉప్పుగాలి

గుడివాడ సముద్రానికి 30 కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల గ్రామాలు సముద్రపు అంచున ఉన్నాయి. ఒకే రకం లౌడ్‌స్పీకరును రెండుచోట్లా ఉంచితే సముద్రం దగ్గరది ముందు పాడవుతుంది. అలల నుంచి లేచిన ఉప్పునీటి తుంపరలు గాలిలో ఆరి, కంటికి కనిపించని ఉప్పురేణువులై తీరమంతటా వ్యాపిస్తాయి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. లోహంమీద పడిన రేణువు ఒక చిన్న ఉప్పునీటి బొట్టయి, తుప్పును త్వరపెడుతుంది.

తుప్పు, తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కిటికీ చువ్వ తుప్పుపట్టి సిమెంటును పగులగొట్టడం మనం చూస్తూనే ఉంటాం. లౌడ్‌స్పీకరు సందులో ధ్రువాలకు తుప్పు పడితే ఆ సన్నని సందు మరింత ఇరుకవుతుంది. తుప్పు పొట్టు రాలి కాయిల్‌ను గీరుతుంది. పాట వెనుక వినిపించే గరగర చాలాసార్లు ఇదే. ఇక రాగి, టంకం, ఇనుము వంటి వేరువేరు లోహాలు కలిసేచోట తడి చేరితే అక్కడ ఒక చిన్న విద్యుద్ఘటం ఏర్పడినట్లే. అందులో ఒక లోహం కరిగిపోతుంది. తీగ బిగించిన మరమీద పచ్చని చిలుము కనిపిస్తే, ఆ అతుకు రోజులు దగ్గరపడ్డాయని గ్రహించాలి.

తేమ కాగితపు కోనును మెత్తబరుస్తుంది, తక్కువరకం జిగురును ఉబ్బిస్తుంది. వాడకుండా ఉంచిన బాకాలో పురుగులు గూళ్ళు కడతాయి. విశేషమేమంటే, వేడి, కదలిక అనే మొదటి ఇద్దరు శత్రువులు లౌడ్‌స్పీకరు మోగుతున్నప్పుడు మాత్రమే దాడిచేస్తారు. ఈ మూడో శత్రువుకు విరామం లేదు. మూలన పడి ఉన్న లౌడ్‌స్పీకరు కూడా క్షీణిస్తూనే ఉంటుంది. ఈ సంగతి తుపాను హెచ్చరిక విషయంలో చాలా ముఖ్యం.

తయారీలోని నాణ్యం ఎక్కడ ఉంటుంది?

నాణ్యం అంటే ఖరీదైన సామాను వాడడం మాత్రమే కాదు. మొదట సందు సంగతి చూద్దాం. కాయిల్‌కు, ధ్రువానికి మధ్య ఇరువైపులా మిగిలే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని పదోవంతులే. సందు ఎంత సన్ననైతే అయస్కాంత క్షేత్రం అంత బలంగా ఉంటుంది. కాయిల్ వేడి కూడా ధ్రువాలలోకి అంత త్వరగా దిగిపోతుంది. కాని సన్నని సందులో కాయిల్‌ను సరిగా మధ్యలో నిలపడానికి మంచి పనిముట్లు, నిపుణులైన చేతులు కావాలి. అవి లేని తయారీదారు ఏమి చేస్తాడు? కాయిల్ రాసుకోకుండా ఉండడానికి సందునే వెడల్పు చేస్తాడు. లేదా ఖర్చు తగ్గించడానికి చిన్న అయస్కాంతం వేస్తాడు.

దీని ఫలితం లెక్కకు అందుతుంది. కాయిల్‌మీది బలం, క్షేత్రపు బలాన్ని, ప్రవాహాన్ని, తీగ పొడవును గుణించగా వస్తుంది. క్షేత్రం నూటికి 20 తగ్గితే అదే బలం కోసం ప్రవాహం నూటికి 25 పెంచాలి. వేడి ప్రవాహపు వర్గాన్నిబట్టి ఉంటుంది గనుక అది నూటికి 56 పెరుగుతుంది. ఆ అదనపు వేడి బయటికి పోవడానికి వెడల్పయిన సందు అడ్డు తగులుతుంది కూడా. తయారీలో తప్పించుకున్న శ్రమకు కాయిల్ వేడి రూపంలో మూల్యం చెల్లిస్తుందన్నమాట.

మిల్లీమీటరులో పదోవంతులను గౌరవించే పని బందరుకు కొత్తది కాదు. విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలకు పరికరాలు చేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ఈ ఊరిదే. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించింది.

రెండోది జిగురు. లౌడ్‌స్పీకరులో కదిలే భాగాలన్నీ ఒకదానికొకటి జిగురుతోనే అంటుకొని ఉంటాయి. ఈ విషయంలో బందరుకు ఆనుకొని ఉన్న చిలకలపూడి మనకు మంచి పాఠం చెబుతుంది. అక్కడి నగల పనివారు రాగి, ఇత్తడి నగలకు బంగారు పూత వేస్తారు. పూత వేసేముందు నగను శుభ్రంగా తోమి, జిడ్డు లేకుండా కడగడం ఆ పనిలో ముఖ్యమైన భాగం. వ్రేలిముద్రలోని జిడ్డు మిగిలినా అక్కడ పూత నిలవదు. కాని ఆ లోపం కొత్తనగలో కనిపించదు. కొన్నాళ్ళు వాడిన తరువాత అక్కడ పొర లేస్తుంది. జిగురు కూడా సరిగ్గా ఇంతే. అతికించవలసిన చోటు తుడవకపోయినా, జిగురు పాళ్ళు తప్పినా, అది పూర్తిగా గట్టిపడేదాకా ఆగకపోయినా, ఆనాటికి అతుకు బాగానే ఉంటుంది. వేడికి, తేమకు లోనయినప్పుడు విడిపోతుంది.

మూడోది శుభ్రత. అయస్కాంతం సందులో ఇనుపరజను పడితే తీయడం చాలా కష్టం. అందువల్ల మంచి కర్మాగారాల్లో సాధారణంగా అయస్కాంతాన్ని అయస్కాంతీకరించకుండానే, అంటే అది ఇంకా ఇనుమును ఆకర్షించని దశలోనే, ధ్రువాలతో బిగించి, శుభ్రంచేసి, ఆ తరువాత బలమైన విద్యుత్ ప్రవాహంతో దానికి అయస్కాంతశక్తి కలిగిస్తారు. పనుల వరుస క్రమంలోనే ఎంత వివేకం ఉన్నదో చూడండి.

నాలుగోది పరీక్ష. తయారైన ప్రతి లౌడ్‌స్పీకరుకూ మంద్రం నుండి తారం దాకా స్వరాన్ని నెమ్మదిగా మారుస్తూ వినిపించి, రాపిడి, గరగర ఉన్నదేమో వింటారు. కొన్ని నమూనాలను ఎంపికచేసి, అనేక పౌనఃపున్యాలు కలిసిన రొదను దీర్ఘకాలం ఇచ్చి పరీక్షిస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో ఈ పరీక్షకు గడువు 100 గంటలు. లౌడ్‌స్పీకరుమీద ముద్రించిన వాటుల సంఖ్యకు ఇటువంటి పరీక్ష వెనుక ఉంటేనే విలువ. క్షణకాలం ఓర్చుకోగల శిఖరాన్ని పెద్ద అక్షరాలతో ముద్రించినంత మాత్రాన కాయిల్ ఎక్కువ వేడికి ఓర్చుకోదు.

అతుకుల గణితం

“ఒకటి రెండు చిన్న లోపాలకే ఇంత చర్చ ఎందుకు?” అని విద్యార్థులు అడగవచ్చు. సంభావ్యతా గణితం దీనికి జవాబు చెబుతుంది. ఒక లౌడ్‌స్పీకరులో జిగురు, టంకం, మరలు అన్నీ కలిపి 30 అతుకులున్నాయని లెక్కకోసం అనుకుందాం. ఏ ఒక్కటి ఊడినా లౌడ్‌స్పీకరు పనిచేయదు. ఒక్కొక్క అతుకు ఏడాదిపాటు నిలిచే అవకాశం నూటికి 99 అనుకుంటే, అది చాలా మంచి పనితనం అనిపిస్తుంది. కాని 30 అతుకులూ నిలవాలంటే 0.99ని 30 సార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.74. అంటే 100 లౌడ్‌స్పీకర్లలో 26 ఏడాదిలోనే పాడవుతాయి. ఒక్కొక్క అతుకు నిలిచే అవకాశాన్ని వెయ్యికి 999కి పెంచితే ఫలితం 0.97. ఇప్పుడు పాడయ్యేవి మూడే. అతుకులో కంటికి కనిపించని స్వల్పభేదం, లౌడ్‌స్పీకరు మొత్తానికి వచ్చేసరికి 26కు, 3కు ఉన్నంత భేదం అయింది. విశ్వసనీయత రహస్యమంతా ఈ గుణకారంలోనే ఉన్నది.

వస్తువులు ఏ వయసులో ఎక్కువగా పాడవుతాయో కూడా శాస్త్రజ్ఞులు పరిశీలించారు. గ్రాఫు గీస్తే అది స్నానపు తొట్టి ఆకారంలో వస్తుంది. మొదటి రోజుల్లో తయారీ లోపాలున్నవి వరుసగా పాడవుతాయి. తరువాత చాలాకాలం ఎప్పుడో ఒకటి మాత్రమే పాడవుతుంది. చివర అరుగుదలవల్ల మళ్ళీ సంఖ్య పెరుగుతుంది. జాగ్రత్తగల తయారీదారు మొదటి గండాన్ని కర్మాగారంలోనే దాటించి సరుకు పంపుతాడు. అజాగ్రత్తగల తయారీదారు ఆ గండాన్ని కొన్నవారి ఇంటికి పంపుతాడు.

ఏడాదికి ఒక్కరోజు మాట్లాడవలసిన లౌడ్‌స్పీకరు

1977 ఉప్పెన తరువాత తీరప్రాంతాల్లో తుపాను రక్షణ భవనాలు నిర్మించారు. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఆకాశంలోకి వెళ్ళింది. ఆ దశకంలోనే ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే ఏర్పాటు ఆంధ్ర తీరంలో అమలులోకి వచ్చింది. హెచ్చరిక కేంద్రం ఎంపిక చేసిన ప్రాంతాల గ్రాహకాలు మాత్రమే సంకేతాన్ని అందుకొని మేలుకొంటాయి. ముందు సైరను మోగుతుంది, ఆ వెనుక స్థానిక భాషలో సందేశం వినిపిస్తుంది. గాలివానకు తీగలు తెగి టెలిఫోను మూగపోయినా ఉపగ్రహ సంకేతం అందుతుంది. 1990 మే 9న తీవ్రమైన తుపాను కృష్ణానది ముఖద్వారం సమీపంలో తీరం దాటినప్పుడు ఈ ఏర్పాటు ఉపయోగపడింది. లక్షన్నరకు పైగా ప్రజలను ముందే తరలించారు. ఆ తుపానులో మరణాలు సుమారు వెయ్యి. 1977తో పోల్చి చూడండి. ఈ ఘనత లౌడ్‌స్పీకరు ఒక్కదానిదే కాదు. వాతావరణ శాఖది, అధికారులది, రక్షణ భవనాలది, మాట విని కదిలిన ప్రజలది కూడా. కాని ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి పంపిన మాటను, చివరి కొద్ది గజాలు మనిషి చెవిదాకా మోసేది లౌడ్‌స్పీకరే. నేడు చేతిలోని ఫోనుకు కూడా హెచ్చరికలు వస్తున్నాయి. అయినా గ్రామాల్లో ఆటోమీద మైకు కట్టి చెప్పడం మానలేదు.

పండుగ లౌడ్‌స్పీకరు తరచు మోగుతుంది కాబట్టి దాని లోపం వెంటనే బయటపడుతుంది. హెచ్చరిక లౌడ్‌స్పీకరు ఏడాది పొడవునా మౌనంగా ఉంటుంది. జూన్ నెలలో చిలుముతో అతుకు తెగినా ఆ మౌనం ముందటి మౌనంవలెనే ఉంటుంది. నవంబరులో సైరను మోగవలసిన గంట వచ్చేదాకా ఎవరికీ తెలియదు. దీనికి మార్గాలు మూడు. మొదటిది, తీరవాతావరణానికి తగినట్లు తయారైన సరుకునే ఎంచడం. రెండోది, నియమిత దినాన దానిని మోగించి చూడడం. నెలకొకసారి పరీక్షిస్తే దాగిన లోపం నెలకు మించి దాగలేదు. మూడోది, ఒకదానికి రెండు ఉంచడం. ఒక్కొక్కటి పనిచేసే అవకాశం పదికి తొమ్మిదైతే, రెండూ ఒకేసారి విఫలమయ్యే అవకాశం నూటికి ఒకటే. అయితే రెండింటికీ ఒకే బ్యాటరీ, ఒకే తీగ ఉంటే ఈ లెక్క చెల్లదు. ఆ ఒక్కటి పోతే రెండూ మూగపోతాయి.

తరగతి గదిలో చేయదగిన ప్రయోగాలు

పాత రేడియోనుండి తీసిన లౌడ్‌స్పీకరు ఒకటి చాలు. ఒకటిన్నర వోల్టుల ఘటాన్ని దాని కొనలకు క్షణకాలం తాకించండి. కోను ముందుకో వెనుకకో కదులుతుంది. ఘటాన్ని తిప్పి తాకిస్తే వ్యతిరేక దిశలో కదులుతుంది. రెండు చేతుల వ్రేళ్ళతో కోనును సమంగా, మృదువుగా నొక్కి వదలండి. నిశ్శబ్దంగా కదిలితే కాయిల్ సరిగా మధ్యలో ఉన్నట్లు. గీరుకొన్న చప్పుడు వస్తే సందులో రాపిడి ఉన్నట్లు.

తరువాత మల్టీమీటరుతో నిరోధం కొలవండి. మీటరు తీగల సొంత నిరోధాన్ని ముందే కొలిచి తీసివేయడం మరువకండి. ఎంతకూ ప్రవాహం లేదని మీటరు చూపితే కాయిల్ గాని జడతీగ గాని తెగినట్లు. చివరి ప్రయోగం ఉపాధ్యాయుని సమక్షంలోనే చేయాలి. 10 వాటులకు తగ్గని, 8 ఓముల లౌడ్‌స్పీకరుకు 6 వోల్టుల బ్యాటరీని కొద్ది నిమిషాలు కలిపి ఉంచి, తీసిన వెంటనే నిరోధం కొలవండి. 6.4 ఓములున్నది 7.4 అయితే, నిష్పత్తి 1.156. అందులో 1 తీసివేసి 0.0039తో భాగిస్తే సుమారు 40 వస్తుంది. కాయిల్‌ను తాకకుండానే, థర్మామీటరు లేకుండానే, అది 40 డిగ్రీలు వేడెక్కిందని మీరు కనుక్కొన్నారు. ఇంజనీర్లు కూడా కాయిల్ వేడిని కొలవడానికి ఈ పద్ధతే వాడతారు.

తీరగ్రామాల పాఠశాలలు తుపాను రోజుల్లో ఆశ్రయాలుగా కూడా ఉపయోగపడుతుంటాయి. అటువంటి పాఠశాలలో మైకు సెట్టు ఉంటే దాని బాధ్యత విజ్ఞానశాస్త్ర సంఘం విద్యార్థులు తీసికోవచ్చు. నెలకొకసారి దానిని మోగించి, నిరోధం కొలిచి, అతుకులవద్ద చిలుము ఉన్నదేమో చూచి, తేదీతో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. కిందటి నెల 6.4 ఓములున్న నిరోధం ఈ నెల 9 ఓములు చూపితే ఎక్కడో అతుకు చెడుతున్నదని అర్థం. సాధారణంగా ఈ తీరానికి పెద్ద తుపానుల కాలం అక్టోబరు, నవంబరు నెలలు. ఆ అతుకును సెప్టెంబరులోగా టంకం పెట్టించడం ఒక గంట పని.